ముప్పై మిల్లీసెకన్లు

ముప్పై అని రాశాను.
ముప్పై మిల్లీసెకన్లు. అంతకు ముందు పడినా,
అంతకు తర్వాత పడినా తెర మీద ఎర్ర దీపం.
ఎందుకు ముప్పై అని అడగకండి.
ఆ రాత్రి ఒక చేత్తో జున్ను రొట్టె తింటున్నాను,
రెండో చేతికి ఆ అంకెలే దగ్గరగా తగిలాయి.

ఆట చిన్నది. పైనించి పుల్లచెర్రీ పళ్లు రాలతాయి,
కింద బకెట్టు. పండు అంచు దాటే క్షణాన
మీట నొక్కాలి. అంతే.
రెండు, రెండు, మూడు,
తక తక తకిట, తక తక తకిట,
మా కొండల్లో పెళ్లిళ్లన్నీ ఈ ఏడు మీదే నడుస్తాయి.

స్మోల్యన్‌లో సంగీత పాఠశాల, ఒకప్పటి బాయిలర్ గది,
నాలుగు పాత కంప్యూటర్లు.
మంచు కురిసే నెలల్లో తపాన్ నేర్చుకునే పిల్లలు
డోలు బదులు మీటలు కొట్టేవారు.
పై అంతస్తులో పియానో వాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

నేను క్లారినెట్‌లో రెండుసార్లు తప్పినవాణ్ణి.
నా లయ మీద నాకు నమ్మకం లేదు, అందుకే
నమ్మదగినదాన్ని ఒకదాన్ని కట్టాను.

విహ్రాకి డోలు మోకాళ్ల దాకా వేలాడేది.
కుడిచేత లావు కర్ర, ఎడమచేత సన్న బెత్తం.
అక్టోబరులో మొదటి రోజు నూటికి నలభై ఒకటి.
రెండో వారానికి ఆట ఒక మాట తేల్చింది:
నీ ఎడమ చెయ్యి ఉత్త బద్ధకిష్టిది.
నాలుగేళ్లుగా ఏ గురువూ చెప్పని మాట.
కుడిచేతి మోతలో ఎడమచేతి దొంగతనం
ఎవరికి వినపడుతుంది?
ఆరోజు నాకో నారింజ ఇచ్చి వెళ్లింది.

మార్చి కల్లా తొంభై ఎనిమిది.
పండు నేలరాలడమన్నదే లేదు.
అప్పుడొచ్చింది స్తాంకా, బేకరీలోంచి, ముంజేతుల పిండితోనే.
ముప్పై ఏళ్లుగా వరుసకి ముందు నిలబడి ఆడే మనిషి.
"పిల్ల బాగానే వాయిస్తోంది" అంది,
"నా కాలు ఎప్పుడు దింపాలో నాకే తెలియట్లేదు.
మూడోది ఉండాల్సినచోటే ఉంది. అదే చిక్కు."

క్రస్త్యో మాస్టారు కళ్లజోడు నుదుటికెక్కించి
అక్టోబరు లెక్కలు తియ్యమన్నాడు.
తీశాను. ఎర్రచుక్కలు, తట్టు పోసినట్టు.
ఆయన వేలు వాటి మీద మెల్లగా నడిచింది.
చివరి మూడు మొదలయ్యేచోట, ప్రతిసారీ,
నలభై నాలుగు ఆలస్యం. నలభై మూడు.
నలభై ఐదు. నలభై నాలుగు.
"తప్పు ఇలా ఒకేచోట కూర్చోదురా, తిరుగుతుంది.
కూర్చుందంటే అది తప్పు కాదు, యాస."

ఆమెది ఇంకా పైన, రోడ్డు ఆగిపోయే ఊరు.
అక్కడి వాలు నేలలో ఎగిరిన కాలు దిగడానికి
ఆ కాస్త గాలి కావాలట.
ఇది మాస్టారి ఊహ. రుజువేమీ లేదు.

ముప్పైని యాభై చేద్దామనుకున్నాను.
చేస్తే ఎడమచేతి దొంగతనం మళ్లీ దాక్కుంటుంది.
తెల్లారేదాకా కూర్చుని
ఏడింటిలో ఆ ఒక్క పండుని, ఐదోదాన్ని,
కొంచెం ఆగి రాలమన్నాను.
మెనూలో ఏదో ఒక పేరుండాలి కదా,
"విహ్రా వాళ్ల ఊరు" అని పెట్టాను.

ఆడింది. అరవై రెండు.
ఐదు నెలల శ్రద్ధ ఆమె చేతిలోంచి
ఆ నలభై నాలుగునీ తుడిచేసింది.
"ఇది కూడా నీ దగ్గరే నేర్చుకోవాలా?" అంది.
నా దగ్గర జవాబు లేదు.
డోలు భుజాన వేసుకుని, తలుపులో ఇరుక్కుని, తిట్టుకుని,
స్తాంకా కాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆట ఆపడం మరిచింది.
ఖాళీ కుర్చీ ముందు పళ్లు రాలుతూనే ఉన్నాయి,
ఎర్రదీపం, ఎర్రదీపం, ఎర్రదీపం.
బల్ల కింద నా పాదం ఐదోదాని దగ్గర
కాస్త ఆగి దిగింది.
దిగిందో, దిగిందనుకున్నానో.
కొలిచే పరికరం ఎదురుగానే ఉంది,
కొలవలేదు.